వరి వేయకపోయినా వరి సొమ్ము: పాయిన్‌సెట్ కౌంటీ సబ్సిడీ లెక్కలు

అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రానికి ఈశాన్య భాగంలో ఉన్న పాయిన్‌సెట్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటి పాలనా విభాగం) క్రౌలీస్ రిడ్జ్ అనే సన్నని గుట్టల వరుస రెండుగా చీలుస్తుంది. గుట్టకు పడమర వీనర్ వంటి చిన్న ఊళ్ల చుట్టూ ఉన్నది నీరు ఇంకని బంకమట్టి నేల, అది వరి సీమ. తూర్పున సెయింట్ ఫ్రాన్సిస్ నది పల్లపు భూములు, ఒకప్పుడు పూర్తిగా పత్తి, ఇప్పుడు సోయా, పత్తి, వరి కలిసి పండే నేల. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఆర్కాన్సాస్‌దే కాగా, ఆ రాష్ట్రంలో వరి ఎక్కువగా పండించే కౌంటీల్లో ఇదొకటి. 2020 జనగణన ప్రకారం కౌంటీ మొత్తం జనాభా 23 వేలకు కాస్త తక్కువ, అంటే మన దగ్గర ఒక చిన్న మండలపు జనం. ఇలాంటి కౌంటీకి సాగు సబ్సిడీ కింద ఏటా కోట్ల డాలర్లు చేరుతాయన్నది రహస్యమేమీ కాదు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ సమాచార హక్కు చట్టం కింద వ్యవసాయ శాఖ నుంచి తీసుకున్న చెల్లింపుల వివరాలను 1995 నుంచి కౌంటీల వారీగా అందరికీ అందుబాటులో ఉంచుతోంది. అయితే కౌంటీ పేరు పక్కన కనిపించే మొత్తం ఒకటి, ఆ కౌంటీలో దుక్కి దున్నిన మనిషికి మిగిలింది మరొకటి. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే సొమ్ము దేన్ని చూసి వస్తుందో ముందు చూడాలి.

సొమ్ము పంటను చూసి రాదు, పాత రికార్డును చూసి వస్తుంది. ప్రతి కౌంటీకీ సేవలందించే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కార్యాలయంలో ఒక్కో కమతానికి ఒక రికార్డు ఉంటుంది. దాని సంక్షిప్త ప్రతిని ఫారం 156 ఈజెడ్ అంటారు. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ చూసిన కళ్లకు ఇది కొత్తగా అనిపించదు: కమతం నంబరు, అందులోని ఒక్కో ముక్క నంబరు, సాగుకు యోగ్యమైన విస్తీర్ణం, యజమాని పేరు, సాగుదారు పేరు. మన కాగితంలో లేనివి అందులో రెండు గడులున్నాయి. ఒకటి ‘బేస్’ ఎకరాలు, రెండోది ఆ ఎకరాలకు నిర్ణయించిన దిగుబడి. బేస్ అంటే ఆ భూమిలో గతంలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారన్నదాని ఆధారంగా భూమికి అంటించిన హక్కు. దీని మూలాలు 1980ల నాటి సాగు లెక్కల్లో ఉన్నాయి. 2002లోనూ 2014లోనూ సవరించుకునే అవకాశం ఇచ్చారు. 2014లో ఆ సవరణకు సంతకం పెట్టే అధికారాన్ని చట్టం యజమానికిచ్చింది, పథకాన్ని ఎంచుకునే పనిని సాగుదారులకు వదిలింది. వెయ్యి ఎకరాల వరి బేస్ ఉన్న కమతంలో ఈ ఏడు మొత్తం సోయా వేసినా, వరి ధర పడిపోతే వరి సొమ్మే వస్తుంది. బేస్ లేని పొరుగు చేలో వరి పండించినవాడికి ఈ పద్దు కింద చిల్లిగవ్వ రాదు.

లెక్క కట్టే పద్ధతి సూటిగానే ఉంటుంది. ప్రధానమైన రెండు పథకాల్లో మొదటిది ధర నష్టానికి సంబంధించినది, దాన్ని పీఎల్‌సీ అంటారు. చట్టం పంటకొక ఆధార ధర నిర్ణయిస్తుంది. ఆ ఏడాది దేశవ్యాప్త సగటు మార్కెట్ ధర అంతకన్నా తగ్గితే, ఆ తేడాను బేస్ ఎకరాల్లో 85 శాతానికి, రికార్డులోని దిగుబడితో హెచ్చించి చెల్లిస్తారు. 2014 నుంచి వడ్లకు ఆధార ధర నూరు పౌండ్లకు 14 డాలర్లుగా ఉండేది. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పన్నుల, ఖర్చుల చట్టం దాన్ని 16 డాలర్ల 90 సెంట్లకు పెంచింది. నూరు పౌండ్లంటే 45 కిలోల పైచిలుకు కాబట్టి క్వింటాలుకు 37 డాలర్లు దాటుతుంది. డాలరును 88 రూపాయలుగా లెక్కిస్తే 3,200 రూపాయలకు పైమాటే. 2025-26లో మన సాధారణ రకం ధాన్యానికి కనీస మద్దతు ధర 2,369 రూపాయలు. పోలికకు ఒక హద్దు ఉంది: మన దగ్గర ప్రభుత్వం ధాన్యాన్నే కొంటుంది, అక్కడ గింజను ముట్టుకోకుండా తేడా సొమ్మును మాత్రమే జమ చేస్తుంది. 2017లో మధ్యప్రదేశ్ మొదలుపెట్టిన భావాంతర్ పథకం ఈ రెండో తరహాకు దగ్గరిది.

రెండో పథకం, ఏఆర్‌సీ, ధరతో పాటు దిగుబడినీ చూస్తుంది. అయితే అది చూసేది కౌంటీ సగటు దిగుబడినే. కౌంటీ మొత్తానికి ఎకరా రాబడి అయిదేళ్ల సగటు లెక్కలో నిర్ణీత శాతానికి దిగువకు పడితేనే సొమ్ము కదులుతుంది. ఆ శాతం ఇన్నాళ్లూ 86గా ఉండేది, కొత్త చట్టం 90 చేసింది. ఒక రైతు చేను వరదలో మునిగి, మిగతా కౌంటీ బాగా పండితే అతనికి ఈ పథకం నుంచి ఏమీ రాదు. కౌంటీ అంతా ఎండిపోయి అతని బోరు ఒక్కటే నిండుగా పోసిన ఏడు మాత్రం వస్తుంది. 2014లో మొదటిసారి ఎంచుకోమన్నప్పుడు దేశంలో సోయా, మొక్కజొన్న బేస్‌లో తొంభై శాతానికి పైగా ఈ కౌంటీ పథకంలో చేరింది, పొడవు గింజ వరి బేస్ దాదాపు మొత్తం ధర పథకంలోకి వెళ్లింది. వరి రైతుల ఎంపికకు కారణం సులువుగానే అర్థమవుతుంది. బోర్ల నీటి మీద పండే వరిలో దిగుబడి పెద్దగా ఊగదు, ఊగేది ధరే.

ఇక పరిమితి సంగతి. కొత్త చట్టం ప్రకారం 2025 పంటకు ఈ పథకాల కింద ఒక వ్యక్తికి 1,55,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు, అంతకు ముందు హద్దు 1,25,000 డాలర్లు. వెయ్యి ఎకరాల వరి బేస్, రికార్డులో ఎకరాకు 65 వందల పౌండ్ల దిగుబడి, ధరలో నూరు పౌండ్లకు 3 డాలర్ల తేడా అనుకుంటే, 850 ఎకరాలకు 1,65,750 డాలర్లు తేలుతుంది. ఒక్క మనిషి పరిమితి అక్కడికే దాటిపోయింది, ఇక్కడి వరి కమతాలకు వెయ్యి ఎకరాలు అసాధారణమేమీ కాదు. అందుకే ఈ ప్రాంతంలో సాగు ఒక మనిషి పేరు మీద కాక భాగస్వామ్యం పేరు మీద నడవడం పరిపాటి అయింది. సాధారణ భాగస్వామ్యంలో సభ్యుడు సభ్యుడికీ వేరే పరిమితి వర్తిస్తుంది. సభ్యుడు సాగులో ‘చురుకుగా పాల్గొనాలి’ అన్న షరతు ఉన్నా, కుటుంబ భాగస్వామ్యాలకు అందులో వెసులుబాటు ఎక్కువ. 2018 చట్టం ఆ కుటుంబం నిర్వచనంలోకి అన్నదమ్ముల బిడ్డలను, అక్కచెల్లెళ్ల బిడ్డలను, పెదనాన్న చిన్నాన్నల బిడ్డల వంటి వరుసల వాళ్లను కూడా చేర్చింది. 2025 చట్టం కొన్ని రకాల కంపెనీలకూ భాగస్వామ్యాలకిచ్చే లెక్కనే వర్తింపజేసింది. మనిషికింతన్న పరిమితి చట్టంలో ఉంటూనే ఉంటుంది, దాని కింద నిలబడే తలల సంఖ్య పెరుగుతూ పోతుంది. దీన్ని మోసమనడం సరికాదు. చట్టం తెరిచి ఉంచిన దారిలోనే జనం నడుస్తున్నారు, ఆ దారి వేసింది శాసనకర్తలే.

భూమికి అంటుకున్న హక్కు ఎంత దూరం పోగలదో టెక్సస్‌లోని వార్టన్ కౌంటీ చూపించింది. హ్యూస్టన్ నగరానికి నైరుతిలో ఎల్ కాంపో పట్టణం చుట్టూ ఉన్న పాత వరి భూములు ఇళ్ల స్థలాలుగా మారుతున్న రోజుల్లో, పంటతో సంబంధం లేకుండా ఎకరాకు ఇంతని ‘నేరు చెల్లింపులు’ ఇచ్చే పథకం నడుస్తుండేది. పెద్ద పెరడుతో ఇల్లు కొనుక్కున్న నగరవాసికి, ఆ పెరడు ఒకప్పటి వరిమడి కాబట్టి, ఏటా వరి సొమ్ము అందింది. స్థానికులు అలాంటి ఇళ్లను వెటకారంగా ‘కౌబాయ్ స్టార్టర్ కిట్లు’ అన్నారు. 2000 నుంచి అప్పటిదాకా దేశంలో సాగే చేయని వాళ్లకు 130 కోట్ల డాలర్లు చేరాయని 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక లెక్కగట్టింది. 2008 చట్టం కొన్ని మినహాయింపులతో పది ఎకరాలకు మించని బేస్‌కు చెల్లింపు నిలిపివేసింది, 2014 చట్టం నేరు చెల్లింపులనే ఎత్తివేసింది. బేస్ అన్న భావన మాత్రం అలాగే మిగిలింది.

సొమ్ము భూమి యజమానిదా, దున్నినవాడిదా అన్న తగాదాకు పాయిన్‌సెట్ కౌంటీలో వయసు తొంభై ఏళ్లు. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయ సర్దుబాటు చట్టం, పత్తి ధర లేవాలంటే పత్తి తగ్గాలన్న లెక్కతో, ఆ వేసవిలో కాతకొచ్చిన పత్తిని కోటి ఎకరాలకు పైగా దున్నించి పరిహారమిచ్చింది. తర్వాతి రెండేళ్ల ఒప్పందంలో, తగ్గించిన పత్తికి పౌండుకు నాలుగున్నర సెంట్లు లెక్కగట్టారు. అందులో మూడున్నర సెంట్లు నేల అద్దెగా దొరకు, మిగిలిన ఒక సెంటు దొరకూ పాలికాపుకూ చెరిసగం. అంటే తొమ్మిది వంతుల్లో ఒక వంతు పాలికాపుది, అదీ దొర చేతి మీదుగానే. తక్కువ నేలలో సాగు చేయడానికి తక్కువ మంది చాలు కాబట్టి, కౌంటీకి సొమ్ము వచ్చిన ఏడే పాలికాపుల గుడిసెలు ఖాళీ అయ్యాయి. కౌలుదార్ల సంఖ్యను వీలైనంత వరకు తగ్గించకూడదని ఒప్పందంలోని ఏడో నిబంధన చెప్పింది కానీ, ఆ ‘వీలైనంత’ ఎంతో తేల్చేది దొరల ప్రాబల్యంలో ఉన్న స్థానిక కమిటీలే.

1934 జూలైలో, ఈ కౌంటీ తూర్పు అంచున ఉన్న టైరొంజా ఊరి దగ్గర పదకొండు మంది తెల్లవారు, ఏడుగురు నల్లవారు కలిసి కూర్చుని దక్షిణాది కౌలు రైతుల సంఘం పెట్టారు. జాతుల వారీగా బడులు, బస్సులు, శ్మశానాలు కూడా వేరుగా ఉన్న రోజుల్లో అది చిన్న సంగతి కాదు. సంఘానికి చోటిచ్చిన ఇద్దరిలో హెచ్.ఎల్. మిచెల్‌ది బట్టల శుభ్రం చేసే దుకాణం, క్లే ఈస్ట్‌ది పక్కనే పెట్రోలు బంకు. ఆ కట్టడం ఇప్పుడు మ్యూజియం. వాషింగ్టన్‌లో ఆ చట్టాన్ని అమలు చేసే వ్యవసాయ సర్దుబాటు సంస్థ న్యాయ విభాగం అధిపతి జెరోమ్ ఫ్రాంక్ బృందం, ఏడో నిబంధన అర్థం సంఖ్యను నిలపడం కాదు, అదే మనుషులను నిలపడమని వ్యాఖ్యానించింది. 1935 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ను, ఆయన సహచరుల్లో కొందరినీ ఉద్యోగాల నుంచి తీసేశారు. 1936 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని పన్ను భాగాన్ని కొట్టివేసింది, 1938లో కొత్త చట్టం వచ్చింది. సొమ్ము భూమి మీదుగా పారే పద్ధతి మాత్రం మారలేదు.

నేటి చట్టం కాగితం మీద సాగుదారు పక్షమే. కోరు పద్ధతిలో, అంటే పంటలో వాటాకు, కౌలుకిచ్చిన భూమికి సబ్సిడీని యజమాని, కౌలుదారు తమ పాళ్ల ప్రకారం పంచుకోవాలి. మక్తా కౌలుకిస్తే, అంటే పంటతో నిమిత్తం లేకుండా ఎకరాకు ఇంతని నగదు తీసుకుంటే, సబ్సిడీ మొత్తం కౌలుదారుదే. దేశంలో సాగు భూమిలో సగానికి పైగా కౌలు మీదే నడుస్తోంది, దాన్ని ఇచ్చేవారిలో ఎక్కువ మంది స్వయంగా సాగు చేయనివారే. అలాంటప్పుడు సొమ్ము కౌలుదారు ఖాతాలో పడ్డాక కథ అయిపోదు. చలికాలంలో కౌలు బేరానికి కూర్చున్నప్పుడు ఆ కమతానికి ఎంత వరి బేస్ ఉందో ఇద్దరికీ తెలుసు. ఆధార ధర పెరిగిందన్న వార్త వాషింగ్టన్ నుంచి వచ్చేసరికి కౌలు అంకె కూడా కదులుతుంది. డాలరులో దాదాపు పాతిక సెంట్లు ఇలా కౌలు రూపంలో యజమానికి చేరుతున్నాయని 2009లో వెలువడిన పేరున్న అధ్యయనమొకటి తేల్చింది. భూమి ధరలోకి ఇంకిపోయేది దీనికి అదనం.

ఈ సంగతి తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేదు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు నాలుగు వేలు పట్టాదారుకే చేరింది, కౌలు రైతు లెక్కలోకి రాలేదు. ఆంధ్రలో 2011 నాటి సాగుదారుల గుర్తింపు చట్టం, 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు ఒక కార్డు ఇవ్వాలని చూశాయి గానీ, సంతకం పెడితే భూమి చేజారుతుందన్న యజమాని భయం దగ్గర రెండూ తడబడ్డాయి. అమెరికా కౌలుదారు పేరు కనీసం ఫారం మీద ఉంటుంది. మన కౌలుదారు పేరు చాలా చోట్ల ఊరి నోట్లో తప్ప కాగితం మీద ఉండదు.

శాశ్వత పథకాలకు మరో లోపం ఉంది, ఆలస్యం. వడ్ల మార్కెట్ ఏడాది జూలై చివరికి ముగుస్తుంది, సగటు ధర తేలాక అక్టోబరు నుంచి చెల్లింపు మొదలవుతుంది. 2025 శరదృతువులో కోసిన పంటకు 2026 అక్టోబరు దాకా ఆగాలి, బ్యాంకు మాత్రం వసంతంలోనే పాత బాకీ అడుగుతుంది. ఈ ఖాళీని పూడ్చడానికి గత ఏడెనిమిదేళ్లుగా తాత్కాలిక సాయాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. చైనాతో సుంకాల పోరు వల్ల 2018, 2019 పంటలకు రెండు విడతలుగా దాదాపు 2,300 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2020లో కరోనా సాయం కూడా కలిసి దేశం మొత్తం మీద నేరుగా రైతులకిచ్చిన సొమ్ము 4,500 కోట్ల డాలర్లు దాటింది. 2024 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ మరో వెయ్యి కోట్లు మంజూరు చేసింది, 2025 డిసెంబరులో ప్రభుత్వం 1,200 కోట్లు ప్రకటించింది. ఈ చివరి సాయంలో ఎకరాకు అందరికన్నా ఎక్కువ రేటు, 132 డాలర్ల 89 సెంట్లు, వరికే దక్కింది. దాన్ని ప్రకటించిన సమావేశంలోనే భారత్ తన బియ్యాన్ని చవకగా తెచ్చి దింపుతోందన్న ఫిర్యాదు అధ్యక్షుడి ముందుకు వచ్చింది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం భారత్‌వే కాబట్టి ఆ ఫిర్యాదు ఇప్పటిది కాదు. 2018లోనే మన మద్దతు ధర ప్రపంచ వాణిజ్య సంస్థ పెట్టిన పది శాతం హద్దును బాగా మించిందని అమెరికా అభ్యంతరం చెప్పింది. 2020లో భారత్ ఆ హద్దు దాటామని ఒప్పుకుంటూనే వరి విషయంలో ‘శాంతి నిబంధన’ రక్షణను, అంటే హద్దు దాటినా వివాదానికి ఈడ్చకూడదన్న వెసులుబాటును, కోరింది. నూరు పౌండ్లకు 16.90 డాలర్ల హామీ ఇచ్చే దేశం ఈ ఫిర్యాదు చేయడంలో ఉన్న వింత, మిర్యాలగూడ ధాన్యం రైతుకైనా కనిపిస్తుంది.

సుంకాల పోరు సాయం రెండో విడత కౌంటీ అనే గీతకు ఎంత బలముందో చూపించింది. రైతులు సొమ్ము కోసం ఒకే పంట వేయకూడదన్న ఉద్దేశంతో 2019లో పంటకో రేటు కాకుండా కౌంటీకో రేటు పెట్టారు. ఆ కౌంటీలో గతంలో ఏ పంటలు ఎంత పండేవో, వాటికి వాణిజ్య నష్టం ఎంతో లెక్కగట్టి, ఎకరాకు 15 నుంచి 150 డాలర్ల మధ్య ఒక అంకె నిర్ణయించారు. ఫలితంగా రోడ్డుకు అటు ఇటు ఒకే రకం సోయా వేసిన ఇద్దరు రైతులు, మధ్యలో కౌంటీ సరిహద్దు ఉన్నందున వేర్వేరు రేట్లు తీసుకున్నారు. అయితే ఈ తాత్కాలిక సాయాల్లో ఒక మంచి లక్షణముంది: అవి చాలావరకు ఆ ఏడు నిజంగా విత్తిన ఎకరాలను చూసి ఇచ్చినవి. ఏటా వేసవిలో సాగుదారు కౌంటీ కార్యాలయంలో నమోదు చేయించే విత్తిన విస్తీర్ణమే ఆధారం. తొందరలో తెచ్చిన పథకం విత్తినవాడిని చూసింది, దశాబ్దాలు ఆలోచించి అల్లిన పథకం చూడలేదు.

కౌంటీ పట్టికలో పేరుపేరునా కనపడని పద్దు ఇంకొకటి పంట బీమా. సగటున ప్రీమియంలో 60 శాతానికి పైగా ప్రభుత్వమే కడుతుంది, దానికి వ్యక్తి పరిమితి లేదు, ఆదాయ హద్దు లేదు. ఎవరికెంత చేరిందో పేర్లు బయటపెట్టకూడదని చట్టమే చెబుతుంది. కాబట్టి పెద్ద కమతాలకు చేరే సొమ్మును పట్టికలు తక్కువ చేసే చూపిస్తాయి. భూమిని పడావు పెట్టినందుకిచ్చే పరిరక్షణ పథకం వేరే దారి. 1985లో మొదలైన ఆ పథకంలో ఒక కౌంటీ సాగు భూమిలో నాలుగో వంతుకు మించి చేర్చుకోకూడదు. ఎందుకంటే చేలు పడావు పడితే ఎరువుల కొట్టు, విత్తనాల వ్యాపారి, ట్రాక్టరు మెకానిక్ కూడా పడావు పడతారు.

ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ లెక్కలో, 1995 నుంచి 2021 దాకా పంట సబ్సిడీల్లో 78 శాతం పైబడి పై పది శాతం మందికే చేరింది. ఈ అంకెను విమర్శకులు జెండాలా ఎత్తుతారు. అయితే ఏడాదికి వెయ్యి డాలర్ల సరుకు అమ్మగల ప్రతి చోటునూ అమెరికా లెక్కల్లో కమతమే అంటారు, చనిపోయిన తాత వాటా కింద ముప్ఫై డాలర్లు అందుకునే మనవరాలూ జాబితాలో ఒక పేరే. అందువల్ల పెద్ద వాటా పెద్ద కమతాలకు పోయిందన్నది అంత పెద్ద నేరారోపణ కాదు, ఎకరాకు ఇంతని ఇచ్చే ఏ పథకంలోనైనా జరిగేది అదే. పట్టించుకోవలసిన ప్రశ్న, ఆ పెద్ద కమతం నడిపేవాడి చేతిలో కౌలు పోను ఎంత నిలిచిందన్నది. ఆ గడి పట్టికలో లేదు.

2025 చట్టం దేశం మొత్తం మీద మూడు కోట్ల ఎకరాల దాకా కొత్త బేస్ చేర్చుకోవచ్చంది. 2019 నుంచి 2023 దాకా బేస్‌కు మించి సాగు చేసిన కమతాలు అందుకు అర్హం. ఆ అయిదేళ్లూ దున్నింది కౌలుదారే అయినా, విత్తిన విస్తీర్ణం నమోదు చేయించింది అతనే అయినా, కొత్త బేస్ భూమి రికార్డులోనే చేరుతుంది, వద్దనుకునే హక్కు యజమానిది. వచ్చే ఏడు కౌలుదారు మారితే, అతని అయిదేళ్ల సాగుతో పుట్టిన ఆ ఎకరాలు ఫారం 156 ఈజెడ్ మీద అలాగే ఉంటాయి, పక్కన సాగుదారు గడిలో పేరు మారుతుంది.